కడగని అతుకు

జనవరి 3, 2008, గురువారం

ముందు నా రాత గురించి మన్నించమని అడగాలి. ఆరో తరగతి దాకానే చదివాను. ఒత్తులు తప్పుతాయి, గీత మీద మొదలుపెట్టిన అక్షరం గీత కిందికి జారుతుంది. ఇది ఎవరూ చదవకూడదనే రాస్తున్నాను. అయినా మన్నించమని అనకుండా మొదలుపెట్టడం నాకు చేతకావడం లేదు.

ఈ డైరీ మంచిర్యాలలో టంకం కడ్డీలు అమ్మే షాపు వాళ్లు కొత్త సంవత్సరానికి మా ఆయనకు ఇచ్చారు. తనకు రాసేదేమీ లేదని నాకిచ్చాడు. మొదటి పేజీలో పేరు, ఊరు, వృత్తి అని గీతలున్నాయి. సుజిత, గోదావరిఖని అని రాశాను. వృత్తి దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేశాను.

మేము ఉండేది ఆయన షాపు వెనక రెండు గదుల్లో. కారుతున్న బొగ్గు లారీల రేడియేటర్లను ఆయన అతుకుతాడు. పెళ్లయి ఎనిమిది నెలలైంది కానీ ఆ పని దగ్గర నిలబడి చూసింది ఈ రోజే. టిఫిను ఇచ్చి వచ్చేయకుండా అక్కడే ఆగాను.

ఇత్తడి మీద టంకం కడ్డీ ఆనించి, కిరోసిన్ బ్లోల్యాంపుతో మంట పెట్టాడు. టంకం కరిగి గుండులా చుట్టుకుంది. కాలిన పెనం మీద నీళ్ల బొట్లు ఉరికినట్టు ఉరికి కింద పడింది. అప్పుడు ఒక సీసాలోంచి కుంచెతో ఏదో తీసి రాశాడు. చుయ్యిమని పొగ లేచింది. ఈసారి అదే టంకం, అదే చోట, వేడి రొట్టె మీద నెయ్యిలా పరుచుకుని సందులోకి తనంతట తానే దూరింది.

"గదేంది?" అన్నాను.

"మందు. తేజాబు మందు. అది లేకుంటే టంకం పట్టది."

"ఎందుకు పట్టది?"

శాంతిరాజ్ (పేరు రాయడం ఇదే మొదటిసారి, రాసి చూద్దామని రాశాను) నా వైపు చూశాడు. నేను ఒకే రోజు రెండు ప్రశ్నలు అడగడం ఆయనకూ కొత్తే.

"ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే. మా ఉస్తాదు మందు రాయిమన్నడు, రాసిన. పో, కూర మాడుతది" అన్నాడు. కూర అప్పటికే దించానని చెప్పలేదు.

జనవరి 5

మందు తయారుచేయడం చూశాను. పాత టార్చిలైటు సెల్లులు పగలగొట్టి, పైనుండే తెల్లటి రేకు ముక్కలు చేసి, పింగాణీ గిన్నెలోని తేజాబులో, అంటే యాసిడ్‌లో, వేశాడు. పొయ్యి లేదు, మంట లేదు, అది తనంతట తానే మరిగింది. గిన్నె పట్టుకుంటే వేడి. ముక్కు మూసుకుని దూరం జరగమన్నాడు.

చాలాసేపటికి బుడగలు ఆగాయి. అడుగున ఇంకా రేకు మిగిలే ఉంది. ఇక తినలేదు.

"ఇగ సచ్చిపోయింది" అన్నాడు.

"సచ్చినదాన్ని రాస్తే ఎట్ల పనిచేస్తది?"

"ఉత్త తేజాబు రాస్తే ఇత్తడినే తింటది. సచ్చినంక మైల ఒక్కటే తింటది."

అది చనిపోయిందని ఎలా నమ్మడం? నవ్వుతాడని అడగలేదు.

జనవరి 8

ఈ రోజు నల్లా రాలేదు. రెండు బిందెలతో సరిపెట్టాను.

జనవరి 12

సదయ్య అన్న లారీ తిరిగి వచ్చింది. సెప్టెంబరు నుంచి ఆయన బండ్లన్నీ మా దగ్గరికే వస్తున్నాయి.

"శాంతిరాజూ, నీ చేతి అతుకంటే కండ్లు మూసుకొని నమ్మిన. రెండు నెల్లు గాలే, కారవట్టె. సెంటినరీ కాలనీ దాటినంక ఇంజను కుతకుత ఉడికింది. నడి రోడ్డు మీద చాయ పెట్టుకుందామా అన్నడు మా క్లీనరు."

"నేను ఎప్పటోలెనే చేసిన అన్నా."

"ఎప్పటోలె చేస్తే ఎప్పటోలెనే ఉండాలె గద."

మా ఆయన డబ్బులు తీసుకోకుండా మళ్లీ అతికాడు. విప్పిన పాత అతుకును నేను చూశాను. టంకం బాగానే ఉంది. దాని అంచున ఇత్తడి మాత్రం ఆకుపచ్చగా పొడిపొడిగా ఉంది. గోటితో గీకితే రాలింది, అక్కడ సూది పట్టేంత రంధ్రం. టంకం ఊడలేదు, దాని పక్కన ఇత్తడి పోయింది. టంకం కల్తీ అయి ఉంటుందని ఆయన అంటున్నాడు.

డిసెంబరు నుంచి ఇలా తిరిగొచ్చిన నాలుగో బండి ఇది.

జనవరి 16

మైల వల్లే టంకం పట్టదంటే, మైల లేకుండా తోమితే మందు అక్కర్లేదు కదా అనిపించింది. పాత రేడియేటరు ఇత్తడి ముక్కను చింతపండుతో తోమాను. బంగారంలా మెరిసింది. ఎదురుగా పెట్టి, మందు లేకుండా అతకమన్నాను.

"అతకది."

"ఒక్కసారి."

మంట పెట్టాడు. టంకం రాకముందే నా మెరిసే ముక్క ఎర్రబారింది, తర్వాత నల్లబడింది. టంకం గుండులై జారిపోయింది.

"చూసినవా? వేడి తాకంగనే గాలికి మల్ల మైల కడ్తది. నువ్వు నిన్న తోమినా, ఇప్పుడు తోమినా అంతే."

అయితే మందు చేసేది రెండు పనులు. ఉన్న మైలను తింటుంది. టంకం వచ్చేదాకా గాలి తగలకుండా పైన మూతలా పరుచుకుంటుంది. టంకం రాగానే పక్కకు జరిగి దారి ఇస్తుంది. ఇదంతా కంటి రెప్ప పాటులో. నేను ఈ మాట అంటే ఆయన కుంచె కింద పెట్టి, "నువ్వు ఆరుతోటి ఎందుకు ఆపినవ్?" అన్నాడు. మా ఊరి బడి ఆరుతోనే ఆగిందని చెప్పాను.

అన్నం తింటున్నప్పుడు కూడా ఆయన ఒకటి రెండుసార్లు నవ్వాడు.

జనవరి 19

లస్మవ్వ నల్లా దగ్గర అందరికన్నా ముందుంటుంది. పెద్దావిడ. గని నుంచి రిటైరైన మనిషి భార్య. నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే అంటారు. నేను బిందె పెట్టగానే అంది, "ఏందే పిల్లా, ఎప్పుడు జూసినా మాట్లాడవు. నీ మొగడు నోటికి గూడ టంకం వెట్టిండా?" అందరూ నవ్వారు. ఇది మొదటిసారి కాదు. ఎనిమిది నెలలైనా కడుపు పండలేదన్న మాట దాని వెనకే వస్తుంది. రెండు బిందెలు నిండగానే వచ్చేశాను.

రెండోసారి వెళ్లేసరికి నీళ్లు ఆగిపోయి ఉంటాయి. వెళ్లి లాభం లేదు.

జనవరి 20, ఆదివారం

చర్చి నుంచి తీతు బావ మా ఇంటికి వచ్చాడు. ఆయన మా ఆయనకు అన్న. మామ పోయాక బొగ్గు గనుల కంపెనీ ఉద్యోగం ఆయనకు వచ్చింది, ఈయన షాపు పెట్టుకున్నాడు. అత్తమ్మ మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంది.

"నేను నీళ్లు మోసినన్ని రోజులు ఒక్క బండి తిరిగి రాలే. ఏం ఏళల వచ్చిందో ఏమో" అంది. నేను వచ్చిన వేళ అని అర్థం.

"ఏళ కాదే అమ్మా, కాలం. గీ పొగల ఎన్నేండ్లు కూసుంటవ్ తమ్మీ? గనిల మట్టి ఎత్తే కంట్రాక్టరు దగ్గర జాగ ఉన్నది. నెల తిరిగితే జీతం" అన్నాడు బావ.

"నాకు గీ పనే వచ్చు."

"వచ్చిన పనే కారుతున్నది గద."

బావ చెడ్డవాడు కాదు. ఆ మాట అన్నాక తనకే బాధనిపించి, తన పళ్లెంలోని కూర ముక్క తమ్ముడి పళ్లెంలో వేశాడు.

అత్తమ్మ ఏ నీళ్ల గురించి అంది? బిందెల గురించే అయి ఉంటుంది.

జనవరి 24

వేరే షాపు నుంచి కొత్త టంకం తెచ్చాడు.

జనవరి 28

ఈ రోజు కొత్త సంగతి చూశాను. ఇంజనుకు ఆనుకుని ఉండే గొట్టానికి టంకం చాలదట, వేడికి కరుగుతుందట. పక్క వెల్డింగ్ షాపు నుంచి గ్యాసు మంట అడిగి తెచ్చాడు. ఇత్తడి కడ్డీని కాల్చి ఒక తెల్లటి పొడిలో ముంచాడు. ఆ పొడి నాకు తెలుసు. వెలిగారం. చిన్నపిల్లల నోరు పూస్తే మా అమ్మ దాన్ని పెనం మీద పొంగించి తేనెలో కలిపి రాసేది.

మంట తగలగానే అది మరమరాల్లా పొంగింది, తర్వాత కూలి గాజులా కరిగి ఎర్రటి లోహం మీద పారింది. దాని కిందనుంచి ఇత్తడి వచ్చి సందు నింపింది. మంట తీశాక వెలిగారం నిజంగానే గాజు పెంకులా గట్టిపడింది. ఇంకా వేడిగా ఉండగానే కూజాలోంచి నీళ్లు చల్లాడు. పెంకు పటపట పగిలి రాలింది. మిగిలింది సుత్తితో కొట్టి తీశాడు.

"ఎందుకు తీసుడు? గట్టిగనే ఉన్నది గద."

"కింద అతుకు పట్టిందో లేదో కనవడది. మందు పని అయిపోయినంక మందు ఉండొద్దు. ఉస్తాదు చెప్పిన మాట అదొక్కటే."

"మరి తేజాబు మందు?"

"తుడుస్తున్న గద" అన్నాడు. కడ్డీలు లేకపోయినా కడ్డీల డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు.

జనవరి 31

నల్లా రాలేదు.

ఫిబ్రవరి 2

ఈ రోజు నేను అతికాను. మూడు.

పని లేదు, బండ్లు రాలేదు. "నేను ఒకటి పెట్టాల్నా?" అని అడిగాను. కొంగు నడుముకు చెక్కుకోమని, వెనక నిలబడి చెప్పాడు.

"మంట టంకానికి చూపియ్యకు, ఇత్తడికి చూపియ్యి. ఇత్తడి వేడెక్కితే టంకాన్ని అదే పిలుచుకుంటది. ఆ... జల్ది చెయ్యకు. ఇప్పుడు ముట్టియ్యి."

ముట్టించాను. పారింది. నా చేతి కింద, నేను తోయకుండానే, వెండి గీతలా సందులోకి పారింది. ఇంకో రెండు అతికాను. మూడోదానికి మందు ఎక్కువైందని అన్నాడు.

ఒకటి వంటింట్లో వేడినీళ్లతో, కొంచెం బట్టల సోడాతో కడిగాను, గిన్నెలు కడిగే అలవాటు కొద్దీ. ఒకటి ఆయన మామూలుగా చేసినట్టు గుడ్డతో తుడిచి ఇచ్చాడు. మందు ఎక్కువైనది అలాగే వదిలేశాను. మూడూ కిటికీలో పెట్టుకున్నాను. ఎందుకంటే అవి నావి.

ఫిబ్రవరి 4

వదిలేసిన ముక్క తడిగా ఉంది. ఎవరూ నీళ్లు పోయలేదు. వాన లేదు. పక్కనే ఉన్న కడిగిన ముక్క ఎండు కట్టెలా ఉంది. అత్తమ్మను అడిగితే పిల్లి ఉచ్చ పోసిందేమో అంది. పిల్లి ఒక్క ముక్క మీదే పోసిందా?

ఫిబ్రవరి 5

ఇంకా తడిగానే ఉంది. నిన్నంతా ఎండలో ఉంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ముసురు రోజుల్లో చెమ్మ పట్టినట్టు. మిగిలిన మందు గాలిలోంచి నీళ్లు తాగుతోంది. అయితే అది చావలేదన్నమాట. తాగుతున్నది తింటుంది కూడానా?

ఫిబ్రవరి 11

తింటుంది. అంచు ఆకుపచ్చగా మారింది. సదయ్య అన్న బండి అతుకులో చూసిన పచ్చదనమే.

గుడ్డతో తుడిచింది బాగానే ఉంది. చాలా బాగుంది. మన బండ్లన్నీ తుడిచినవే కదా, అందుకని కారణం ఇది కాదు. టంకమే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 12

మూడు ముక్కలకూ టంకం ఒకటే కడ్డీది.

ఫిబ్రవరి 17, ఆదివారం

తీతు బావ మాట్లాడి వచ్చాడు. మార్చి నాలుగు నుంచి మా ఆయన మట్టి కంట్రాక్టరు దగ్గర పనికి వెళ్లాలి. బ్లోల్యాంపు, స్టాండు, సామానంతా కొనడానికి మంచిర్యాల నుంచి ఒక మనిషి మూడో తేదీ పొద్దున పదింటికి వస్తాడు. అత్తమ్మ ప్రార్థన చేసింది. ఆయన ఆమేన్ అన్నాడు.

తర్వాత షాపులోకి వెళ్లి కుంచెలన్నీ కిరోసిన్‌లో కడిగి ఎండబెట్టాడు. అమ్మేసే కుంచెలను ఎందుకు కడుగుతున్నావని అత్తమ్మ అడిగింది.

"మురికితోటి ఇస్తే నా చేతిని తిట్టుకుంటడు" అన్నాడు.

ఫిబ్రవరి 20

తుడిచిన ముక్కను బోర్లా పెట్టాను. దుమ్ము పడుతోందని.

ఫిబ్రవరి 22

నల్లా రాలేదు.

ఫిబ్రవరి 23

నల్లా రాలేదు.

ఫిబ్రవరి 28

తిప్పి చూశాను.

సందు పొడుగునా పచ్చటి గీత. గుడ్డ పైపైన తుడిచింది. గుడ్డ వెళ్లలేని మూలలో మందు అలాగే ఉండిపోయింది. కడిగిన ముక్క మాత్రం నేను అతికిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

మార్చి 3, సోమవారం, పొద్దున

ఇది మీకే రాస్తున్నాను. నోటితో చెబుదామని మూడు రోజులుగా షాపు గడప దాకా వచ్చి వెళ్లాను. మీరు కూడా చూశారు. ఒకసారి ఏందని అడిగారు, ఉప్పు అయిపోయిందన్నాను.

టంకంలో కల్తీ లేదు. మీ చేతిలో లోపం లేదు. నేను వచ్చిన వేళా కాదు. అతుకు పెట్టాక కడగాలి. మీ ఉస్తాదు కడిగేవాడు, అత్తమ్మ, ఆమె తర్వాత నేను రోజూ రెండు బకెట్లు షాపు ముందు పెట్టినన్ని రోజులు మీరూ కడిగారు. ఆ రెండు బకెట్లు నేను ఆపేశాను.

అక్టోబరులో పైపు పగిలి వారం రోజులు నల్లా నిజంగానే రాలేదు. ఎనిమిదో రోజు వచ్చింది. ఆ రోజు మీకు రాలేదని చెప్పాను. బిందెలకు ఒకసారి వెళ్లాలి, బకెట్లకు ఇంకోసారి వెళ్లి వాళ్ల మధ్య నిలబడాలి. ఆ రెండోసారి నా వల్ల కాలేదు. మీరు సరే అని గుడ్డ తీసుకున్నారు. మర్నాడూ అదే చెప్పాను. తర్వాత మీరు అడగడమే మానేశారు. వెనక పేజీల్లో చూడండి, ఈ పుస్తకంలో కూడా నల్లా రాలేదనే రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం ఎందుకు రాశానో నాకు తెలియదు. నల్లా అన్ని రోజులూ వచ్చింది.

ఇంకో మాట. డిసెంబరులో ఒక పొద్దున మీరు ఖాళీ బకెట్టు పట్టుకుని నల్లా సందు మూల దాకా వచ్చారు. లస్మవ్వ అప్పుడే ఆ టంకం మాట అంటోంది. మీరు విన్నారు. నా ముఖం చూశారు. బకెట్టు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగారు. ఆ తర్వాత ఇంట్లో నీళ్ల మాట ఎత్తలేదు. మీరు నన్ను చూడలేదనుకుందామని నేను మిమ్మల్ని చూడనట్టే ఉన్నాను. కడగకపోతే ఏమవుతుందో మీకు కొంచెమైనా అనుమానం ఉండే ఉంటుంది, లేకపోతే ఆ రోజు ఖాళీ డబ్బాలో కడ్డీలు వెతికేవారు కాదు. నా ముఖం కోసం షాపు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డారు. అది నాకు ఇష్టం లేదు.

ఈ రోజు రెండుసార్లు వెళ్లాను. రెండోసారి బకెట్లతో నన్ను చూసి లస్మవ్వ, "మల్లేంది?" అంది.

"షాపుకు కావాలె అవ్వా. రేడియేటర్లు కడగాలె" అన్నాను. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

ఆమె తన బిందె పక్కకు జరిపి నా బకెట్టు పెట్టింది. "గీ మాట దసరకు చెప్తే నీ బకెట్లే ముందు పెడ్దుము గద. మాకేమన్న కల వడ్తదా?" అంది. ఒక బకెట్టు తనే మోసుకొచ్చి షాపు ముందు పెట్టింది. తోవ పొడుగునా నన్ను తిట్టింది.

మూడు ఇత్తడి ముక్కలు ఈ పుస్తకం మీద పెడుతున్నాను. ఏది కడిగిందో మీకు చెప్పక్కర్లేదు. నేను చూసింది జనవరి నుంచే, అప్పటి నుంచి అతికిన బండ్లు తొమ్మిది. ఇంకా తిరిగి రానివి ఏడు. మందు వాటిని ఇంకా పూర్తిగా తిని ఉండదు. ఇప్పుడు వేడినీళ్లు, సోడా పెట్టి తోమితే చాలా మటుకు మిగులుతాయి. వాళ్ల దగ్గరికి మనం వెళ్లాలి. ఏం జరిగిందో సదయ్య అన్నకు నేనే చెబుతాను. మీరు పక్కన నిలబడండి చాలు.

కంట్రాక్టరు పనికే వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కానీ చేతకాక వెళ్లానని మాత్రం అనుకోవద్దు.

రాతలో తప్పులుంటే మీరు సర్దుకుని చదవండి. అత్తమ్మకు చూపించకండి, ఇందులో ఆమె గురించి కూడా ఉంది. చదివాక ఈ పుస్తకాన్ని ఉంచవద్దు, కాల్చేయండి. మంచిర్యాల మనిషి పదింటికి వస్తాడు. పనికి సిద్ధంగా బ్లోల్యాంపులో కిరోసిన్ పోసి పెట్టాను. ఆయన రాకముందే వెలిగించండి.